నీళ్ళు చూడ్డానికి పోయే కండక్టరు

కదిరి డిపోలో కండక్టరు నరసింహప్పకు వారంలో ఒకరోజు సెలవు. ఆ రోజు తోటి కండక్టర్లు తలంటుకుని పడుకునేవాళ్ళు, లేదంటే పేకాట ఆడేవాళ్ళు. పొలమున్నవాళ్ళు ఊరికి పోయి చెనిక్కాయ చేను చూసుకొచ్చేవాళ్ళు. నరసింహప్ప మాత్రం పొద్దున్నే అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని మళ్ళీ బస్సే ఎక్కేవాడు. ఏదో ఒక మలుపులో, స్టాపు కూడా లేనిచోట దిగి, కంపచెట్ల మధ్య కాలిబాట పట్టి పోయేవాడు. పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవాడు.

అతను పోయేది నీళ్ళు చూడ్డానికి.

ఆ అలవాటు తొంభై ఏడులో పట్టుకుంది. తనకల్లు రోడ్డులో బస్సు ఇంజను వేడెక్కి ఆగిపోయింది. ప్రయాణికులంతా అతని మీద పడ్డారు. పెండ్లికి పోవాల్సినవాళ్ళు, ఆస్పత్రికి పోవాల్సినవాళ్ళు, ఏ పనీ లేకపోయినా అరిచేవాళ్ళు. డ్రైవరు డబ్బా చేతికిచ్చి, ఎక్కడన్నా నీళ్ళు దొరుకుతాయేమో చూసి రమ్మన్నాడు. నరసింహప్ప ఒక మిట్ట ఎక్కి దిగేసరికి, వేపచెట్లూ చిల్లచెట్లూ కమ్ముకున్న పల్లంలో ఒక కుంట కనబడింది. ముందు వారమే వాన పడినట్టుంది. నీళ్ళు నిండుగా, కదలకుండా ఉన్నాయి. అవతలి ఒడ్డున రెండు కొక్కెరలు నిలబడి ఉన్నాయి. అతన్ని చూసి కూడా అవి లేవలేదు.

డబ్బా ముంచడానికి వంగినవాడు అలాగే కూర్చుండిపోయాడు. పన్నెండేళ్ళుగా రోజంతా ఈలలు, చిల్లర తగాదాలు, డొక్కు ఇంజను రొద. నిద్రలో కూడా చెవుల్లో ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. ఆ రొద ఆ కుంట ఒడ్డున ఆగిపోయింది. ఆగిందని తెలిశాకే, ఇన్నేళ్ళూ అది ఉండిందని కూడా అతనికి తెలిసింది.

"ఏమప్పా, నీళ్ళకు పోయినావా, బాయి తవ్వను పోయినావా?" అన్నాడు డ్రైవరు, అతను తిరిగొచ్చాక.

"దూరముండాయి," అన్నాడు నరసింహప్ప.

తర్వాతి సెలవు రోజున ఒంటరిగా అక్కడికే పోయాడు. ఆ తర్వాత ఇంకో కుంట, ఇంకో చెరువు. గొర్రెలోళ్ళను అడిగి ఆచూకీ తెలుసుకునేవాడు. సీతాఫలం చెట్ల మధ్య ఒకచోట కలువలు పూసే మడుగుంది. ఇంకోచోట కట్ట తెగిపోయి పాతికేళ్ళయిన చెరువు, అందులో మోకాటి లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో మబ్బులు. వానలు పడిన ఏడు నీళ్ళు సంక్రాంతి దాకా నిలిచేవి. ఎండాకాలం వట్టి బురద మిగిలినా, పోయి ఆ బురద చూసి వచ్చేవాడు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెప్పే మొహం లేదు. భార్య బయమ్మ మల్లెపూలు కట్టి అమ్ముతుంది. నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి దగ్గర తెల్లవారుజామునే బిందెలు వరస పెట్టి, రెండు గంటలు నిలబడి, నలుగురితో కొట్లాడి నీళ్ళు తెస్తుంది. అలాంటి మనిషికి, నేను బస్సెక్కి పోయి ఊరికే నీళ్ళు చూసొస్తున్నానని ఏ మొగుడు చెప్పగలడు? డిపోలో యూనియన్ పని అన్నాడు. తెలిసినవాళ్ళు పిలిచారన్నాడు. రెండేళ్ళు అలా గడిచింది.

బయమ్మకు అనుమానం రావడానికి కారణం అన్నం. ఒకరోజు డబ్బా సర్దుతుంటే అతను, "ఇంగ రెండు పిడికిళ్ళు ఎక్కువ పెట్టు," అన్నాడు. ఆ తర్వాత ప్రతి వారమూ అదే మాట. ఇంట్లో అంత తినే మనిషి కాదు. డబ్బా మాత్రం ఖాళీగా వచ్చేది. పైగా వచ్చేటప్పుడు మొహం తేటగా, ఎవరో మంచిమాట చెప్పి పంపినట్టు ఉండేది.

పక్కింటి గంగక్క చెవిన పడింది ఈ సంగతి. "మొగోడు సెలవు పూట ఇంట్లో ల్యాకపోతే, అన్నం ఎక్కువడిగితే, ఆడ తినే నోరు ఇంగొకటుండాదనే అర్థం. కండ్లారా చూసుకో బయమ్మా," అంది గంగక్క.

తొంభై తొమ్మిదిలో, దసరా పోయిన వారం, బయమ్మ పూలబుట్ట గంగక్కకు అప్పజెప్పి, ముఖం మీదికి కొంగు లాక్కుని, అతనెక్కిన బస్సులోనే వెనక తలుపున ఎక్కింది. అతను ముందు తలుపున దిగాడు. ఆమె మలుపు దాటాక అరిచి ఆపించి దిగింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆగకుండా అతని వెనకే మిట్ట ఎక్కింది. దారి పొడుగునా ఆ ఆడమనిషిని ఏమనాలో మాటలు సిద్ధం చేసుకుంది.

కుంట ఒడ్డున నరసింహప్ప ఒక్కడే ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, అన్నం మెతుకులు చిన్న చిన్నగా విసురుతున్నాడు. చేపపిల్లలు గుంపుగా వచ్చి అందుకుంటున్నాయి. ఎవరైనా వస్తారేమోనని బయమ్మ చెట్టు చాటున చాలాసేపు చూసింది. ఎవరూ రాలేదు.

"ఎవురామె?" అంది చివరికి, దగ్గరికి వచ్చి.

అతను ఉలిక్కిపడి లేచాడు. డబ్బా నీళ్ళలో పడింది. "ఎవురూ లేరు," అన్నాడు.

"మరి ఈడేం చేస్తాండావు?"

"నీళ్ళు చూస్తాండా."

మోసం పట్టుబడి ఉంటే ఆమెకు ఏడుపొచ్చేదేమో. ఇది విని కోపం వచ్చింది. "నేను కొళాయికాడ బిందె పట్టుకోని కుక్కమాదిరి కొట్లాడతాంటే, నువ్వు ఈడ కూచోని నీళ్ళు చూస్తాండావా? దీనికా రెండేండ్లు అబద్ధాలు చెప్పింది?"

అతను తల వంచుకున్నాడు. "అందుకే చెప్పలేదు," అన్నాడు.

బయమ్మ ఇంకా తిట్టింది. తిడుతూనే కాళ్ళలో ముళ్ళు తీసుకోవడానికి కూర్చుంది. ముళ్ళు తీశాక మంట తగ్గడానికి పాదాలు నీళ్ళలో పెట్టింది. కాసేపటికి తిట్లు వాటంతటవే తగ్గిపోయాయి. చేపపిల్లలు వచ్చి ఆమె వేళ్ళను పొడుస్తుంటే కాళ్ళు వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టింది. సాయంత్రం బస్సు వేళ అయిందని అతనే గుర్తు చేయాల్సి వచ్చింది.

"ఇంగమీద కొళాయి వచ్చే పొద్దు నువ్వే నీళ్ళు పట్టు. ఆ తర్వాత యాడన్నా పోయి ఏమన్నా చూసుకో," అంది రోడ్డెక్కాక.

నరసింహప్ప ఆ మాటకు కట్టుబడ్డాడు. డ్యూటీకి పోయే ముందు, ఖాకీ చొక్కాతో, ఆడవాళ్ళ వరసలో బిందెలు పట్టుకుని నిలబడ్డాడు. మొదట నవ్వారు. తర్వాత, కండక్టరు కాబట్టి వరస బాగా నిలబెడతాడని ఆ బాధ్యత అతనికే వదిలేశారు. బయమ్మ అప్పుడప్పుడూ అతనితో వచ్చేది. కుంట ఒడ్డున ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. మరుసటి ఏడూ అంతే. చెనిక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. కుంటలు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. కొక్కెరలుండే మొదటి కుంటకు నరసింహప్ప చివరిసారి పోయినప్పుడు, నెర్రెలిచ్చిన అడుగున చేపలు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. తిరిగొచ్చి చెప్పుల జత గుమ్మం దగ్గర విడిచి మంచం ఎక్కాడు. ఆ తర్వాత సెలవు వస్తే మంచం దిగడం మానేశాడు. బస్సులో చిన్నమాటకే జనం మీద విసుక్కుంటున్నాడని డ్రైవరు బయమ్మకు చెప్పాడు.

రెండు నెలలు చూసింది బయమ్మ. ఒక సెలవు ముందురోజు, "రేపు నాతో రా," అంది.

"యాడికి? యాడా చుక్క లేదు."

"రా అంటే రా."

ఆమె పుట్టిల్లు తనకల్లు అవతల, కొండ కింది పల్లె. బస్సు దిగి పల్లెలోకి పోకుండా నేరుగా కొండ వైపు నడిచింది. యాభైకి దగ్గర పడిన మనిషి, పిల్లకాలువలాంటి ఎండిన వంకలో రాయి మీద రాయి పట్టుకుని ఎక్కింది. సగం కొండ ఎక్కాక నిలబడిపోయింది. బండలన్నీ ఒకేలా ఉన్నాయి. దారి మరిచిపోయానేమో అన్న భయం ఆమె మొహంలో కనబడింది. నరసింహప్ప, పోనీలే దిగుదాం అనబోయి ఊరుకున్నాడు. ఆమె ఇటూ అటూ తిరిగి, ఏనుగులంతటి రెండు బండల మధ్య పక్కకు తిరిగి దూరింది. లోపలినుంచి పిలిచింది.

లోపల దోన ఉంది, కొండరాళ్ళ నడుమ నీళ్ళు నిలిచే గుంట. ఒక గది అంత వెడల్పు, పైన బండ వాలి ఎండ తగలని చోటు. అడుగున నీళ్ళు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. రెండేళ్ళ కరువులోనూ ఉన్నాయి. నరసింహప్ప చెయ్యి పెట్టి చూశాడు. చల్లదనానికి వేళ్ళు జివ్వుమన్నాయి.

"మా నాయన మేకల్ని తోలుకోని నేను ఈడికి వస్తాంటి," అంది బయమ్మ. "మాయమ్మ సచ్చిపోయిన ఏడు నాకు పదకొండేండ్లు. ఇంట్లో ఏడిస్తే తమ్ముండ్లు ఏడ్చేవాండ్లు. అందుకని ఈడికి వచ్చి ఏడుస్తాంటి. ఏడ్చి, మొహం కడుక్కోని పోతాంటి. ఈడ ఎవురికీ ఇనబడదు."

వాళ్ళ పెండ్లయి ఇరవై ఆరేళ్ళు. అతను ఈ మాట ఎన్నడూ వినలేదు.

"ఒక్కనాడూ చెప్పలేదే," అన్నాడు.

"నువ్వు చెప్పినావా?"

అతను ఆమె పక్కన బండ మీద కూర్చున్నాడు. కొంతసేపటికి రెండు పికిలిపిట్టలు సందులోంచి దిగి, వీళ్ళను పట్టించుకోకుండా నీళ్ళు తాగి పోయాయి. బయమ్మ కళ్ళు తుడుచుకోవడం అతను చూశాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

రెండువేల ఐదులో వానలు కురిశాయి. అక్టోబరులో ఊరి దగ్గరి చెరువు చాలా ఏళ్ళకు నిండి, మిగులు నీళ్ళు మరువ మీదుగా పొర్లాయి. చూడ్డానికి ఊరంతా కదిలింది. ఆటోల్లో, సైకిళ్ళ మీద, పిల్లల్ని ఎత్తుకుని, పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చారు. పొర్లే నీళ్ళ ముందు నిలబడి ఊరికే చూస్తున్న ఆ జనాన్ని చూసి నరసింహప్పకు ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళు తనొక్కడికే ఏదో పిచ్చి అనుకున్నాడు.

గంగక్క కూడా వచ్చి, మోకాళ్ళ దాకా చీర ఎత్తి నీళ్ళలో నిలబడి ఉంది. "ఏమన్నా, నువ్వూ చూడ్డానికి వచ్చినావా?" అంది.

"వచ్చినానక్కా," అన్నాడు.

కాసేపటికి జనం రొద ఎక్కువైంది. అతని నుదురు ముడిపడటం బయమ్మ గమనించింది. చెయ్యి పట్టుకుని కట్ట మీద అవతలి కొస వైపు నడిపించింది. అక్కడ ఎవరూ లేరు. కొత్త నీళ్ళు తుమ్మచెట్ల మొదళ్ళ దాకా వచ్చి ఉన్నాయి. ఇద్దరూ కట్ట రాళ్ళ మీద కూర్చున్నారు.