మా తాతయ్య పట్టిన హారతి

నా చిన్నప్పుడు పురసవాక్కంలో మా వీధికి ఎన్నికలొస్తే తిరునాళ్లు వచ్చినట్టే ఉండేది. తప్పెట్ల మోత వినబడగానే ఆడవాళ్లు వంట వదిలేసి, పళ్లెంలో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు పోసి, తమలపాకు మీద కర్పూరం వెలిగించుకుని వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఓటడగవచ్చిన మనిషికి హారతి పట్టి బొట్టు పెట్టడం అరవదేశంలో మా వైపు మర్యాద. అయితే ఏ ఇల్లు ఏ పార్టీయో వీధికంతా తెలుసు. ఎవరి మనిషికి వాళ్లే పట్టాలి, తక్కినవాళ్లు తలుపు చాటునుంచి చూడాలి.

ఈ కట్టుబాటు పట్టనిది ఎదురింటి అవ్వ ఒక్కతే. ఆ ఇంటి వెనక చిన్న గదిలో ఒంటరిగా ఉండేది. మొగుడూ పిల్లలూ లేరు. పూలు కట్టి అమ్ముకునేది గానీ, వేళ్లు వంకర్లు పోయాక దిక్కులేని ముసలివాళ్లకు సర్కారు ఇచ్చే పెన్షనే ఆమెకు కూడూ గుడ్డా. నెలనెలా పోస్ట్‌మాన్ మనియార్డరు తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. ఒక ఏడాది శాసనసభ ఎన్నికల్లో అవ్వ అధికార పార్టీ అభ్యర్థికి హారతి పట్టింది. తర్వాత ఎదుటి పార్టీ అభ్యర్థి వస్తే ఆయనకూ పట్టింది. "వాకిలికొచ్చినోణ్ణి ఉత్తగా పంపిస్తామా?" అని ఆమె న్యాయం. ఆమె లెక్కలో ఓటు వేరు, హారతి వేరు.

మా వీధిలో అధికార పార్టీకి ఒక పెద్దమనిషి ఉండేవాడు. తెల్ల పంచె, జేబులో నాయకుడి బొమ్మ. తమ సర్కారు పెన్షన్ తింటూ పక్కవాడికి హారతి పడుతుందా అని ఆయనకు ఒళ్లు మండింది. ఎన్నికల్లో ఆ పార్టీయే మళ్లీ గెలిచింది. ఆ పెద్దమనిషి తాలూకా ఆఫీసుకు ఒక మాట చేరవేశాడు, అవ్వను చూసుకోవడానికి తమ్ముడి కొడుకు ఉన్నాడని. ఏడాదికోసారి అంబత్తూరు నుంచి వచ్చి కాఫీ తాగి పోయేవాడు ఆమెకు దిక్కట! ఆ మాటతో పెన్షన్ ఆగిపోయింది. పోస్ట్‌మాన్ వీధిలోకి వచ్చినా ఆమె గుమ్మం వైపు చూడకుండా వెళ్లిపోయేవాడు.

అవ్వ ఆ పెద్దమనిషి ఇంటికి పోయి కాళ్లు పట్టుకుంది. ఈసారి ఎన్నికలకు మా వాళ్లకు మాత్రమే పళ్లెం పట్టు, అప్పుడు చూద్దాం అన్నాడట. మా నాయనమ్మ మధ్యాహ్నాలు ఏదో పని వంకతో ఆమెను పిలిచి అన్నం పెట్టేది. "ఆకలి లేదు తల్లీ" అంటూనే ఆమె ఆకు ఖాళీ చేసేది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

మా తాతయ్య సర్కారు ఆఫీసులో హెడ్‌గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ముక్కుమీద కోపం. అవ్వ కోసం తాలూకా ఆఫీసుకు వెళ్తే కుర్చీ వేసి, మర్యాద చేసి, ఉత్త చేతులతో పంపించారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "నేను వాళ్లకు ఏనాడూ ఓటు వెయ్యలా. అది ఊరందరికీ తెలుసు. నా పెన్షన్ మీద ఈగన్నా వాలిందా? ఆ ముసిల్దానిదే వాళ్ల కంటికి కనిపించిందా?" అని గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

కొన్నాళ్లకు కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. ఎదుటి పార్టీ తప్పెట్లు వినబడగానే మా తాతయ్య వంటింటి గుమ్మంలో నిలబడి పళ్లెం సిద్ధం చెయ్యమన్నాడు. నాయనమ్మ నోరెళ్లబెట్టింది. "మొగోళ్లు ఆరతి ఎత్తేదేంది? వీధంతా నవ్వతారు" అంది. నవ్వనీ అని పళ్లెం పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. నిజంగానే నవ్వారు. మేడల మీంచి పిల్లలు ఈలలు వేశారు. పంచె ఎగగట్టి, కళ్లజోడు జారిపోతుంటే, మా తాతయ్య కర్పూరం ఆరకుండా నిదానంగా తిప్పాడు. సిగ్గుతో నేను నాయనమ్మ చీర వెనక దాక్కున్నాను. తన ఇంటి వసారాలో అధికార పార్టీ పెద్దమనిషి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

మర్నాడు అధికార పార్టీ అభ్యర్థి వచ్చాడు. తాతయ్య అవ్వను పక్కన నిలబెట్టుకుని ఆయనకూ హారతి పట్టి బొట్టు పెట్టాడు. అభ్యర్థి పళ్లెంలో నోటు వేస్తే తీసి మళ్లీ ఆయన జేబులోనే పెట్టాడు. తర్వాత వీధి వీధంతా వినేలా అరవంలో అడిగాడు: నిన్న వాళ్లకు పట్టాను, ఇవాళ మీకు పట్టాను. ఈమె కూడా ఇంతే చేసింది, ఈమె పెన్షన్ ఆపేశారు. నాకు సంపాదించే కొడుకులున్నారు, ఈమెకు ఎవరూ లేరు. ఆపేదుంటే ముందు నాది ఆపించండి.

తప్పెట్లు ఆగిపోయాయి. అభ్యర్థి తమ పెద్దమనిషి వైపు చూశాడు. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మేడల మీద ఒక్కరూ నవ్వలేదు. కనుక్కుంటానని అభ్యర్థి గబగబా ముందుకు నడిచాడు. భయపడ్డాడో సిగ్గుపడ్డాడో తెలియదు గానీ, నెల తిరగకుండా పోస్ట్‌మాన్ అవ్వ పేరు పెట్టి పిలిచాడు.

డబ్బు కొంగున కట్టుకుని అవ్వ నేరుగా మా ఇంటికి వచ్చి, తాతయ్య కాళ్ల మీద పడబోయింది. ఆయన నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు. ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "లెయ్‌మ్మా, లెయ్! ఆపినోడి కాళ్లూ పట్టుకుంటివి, అడిగినోడి కాళ్లూ పట్టుకుంటావా? అయితే వాడికీ నాకూ తేడా ఏముండాది? అది నీది. నీదాన్ని నువ్వు తీసుకునేదానికి ఎవురికీ దండం పెట్టబాకు" అన్నాడు. నాయనమ్మ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

ఇప్పుడు నేనూ టీచరుగా రిటైరై పెన్షన్ తీసుకుంటున్నాను. షోళింగనల్లూరులో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంటాను. ఎన్నికలొస్తే ప్రతి పార్టీ మా మీద ప్రేమ ఒలకబోస్తుంది, అయిపోగానే మా ఊసెత్తదు. సాయంత్రం కింద బెంచీల మీద తోటి రిటైరైనవాళ్లు, మనది కష్టార్జితం, పేదలకిచ్చేదే ఉచితం అంటుంటారు. నేను ఊరుకోను. జీవితమంతా పూలు కట్టడం కష్టం కాదా అని అడుగుతాను. నాతో వాదించలేక కొందరు బెంచీ మార్చేశారు.

మొన్న మా మెట్లు ఊడ్చే అమ్మాయి అత్తగారి పెన్షన్ ఏదో కారణాన ఆగిపోతే, ఆ అత్తగారిని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. మళ్లీ మొదలైన రోజు ఆ ముసలావిడ వచ్చి వంగబోతే భుజాలు పట్టుకుని ఆపాను. ఆమె గొంతు తగ్గించి, "సెరిమ్మా. అయితే ఓటు ఎవురికెయ్యమంటావు?" అని అడిగింది.

నాకు ఒళ్లంతా మండిపోయింది. ఆమె మీద కాదు. తన కూటికి ఏదో ఒకటి బదులు ఇచ్చి తీరాలని ఆమెకు ఇన్నేళ్లుగా నేర్పినవాళ్ల మీద. మా తాతయ్య నాకు ఇల్లూ వాకిలీ ఏమీ వదిలిపోలేదు. ఈ కోపమే ఆయనిచ్చిన ఆస్తి.