ఓడ నవల ఆఖరి ఫారం

ప్రేమ నవలల విషయంలో జిగురమ్మతో వాదన పెట్టుకుని నెగ్గినవాళ్ళు ఆ వీధిలో ఇంతవరకూ లేరు. పేరు విని నవ్వకండి. నలభై మూడేళ్ళ మనిషి, పుస్తకాలు బైండు చేసే కొట్టు నడుపుతుంది. వేళ్ళ సందుల్లో ఎప్పుడు చూసినా ఎండిన జిగురు పొరలు పొరలుగా లేస్తూ ఉంటుంది. ఎవరో పిల్లలు సరదాకి పెట్టిన పేరు అందరికీ అలవాటైపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే, పిలిచింది ఎవరినా అని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

కొట్టంటే పదడుగుల గది. కిటికీ కింద ఒక బల్ల, దాని మీద వాళ్ళ నాన్న నాటి ఇనప ప్రెస్సు, అట్టలు కోసే కత్తి, మైనం పట్టించిన దారం ఉండ. వీధి చివర అద్దె లైబ్రరీ ఉంది. అక్కణ్ణించి వారానికో కట్ట చిరిగిన నవలలు వస్తాయి. మంగళవారం ఇస్తానన్న కట్ట జిగురమ్మ శుక్రవారానికి గానీ ఇవ్వదు. ఎందుకంటే ప్రతి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివితే తప్ప సూది పట్టదు. ఇదేం పద్ధతని లైబ్రరీ మాస్టారు విసుక్కుంటే, "చదవకుండా కుడితే కుట్టు నిలవదు మాస్టారూ" అంటుంది. అంతా అబద్ధమని ఆయనకీ తెలుసు. కానీ ఆవిడ కుట్టిన పుస్తకం గోడకేసి కొట్టినా ఆకు ఊడదు కాబట్టి నోరు మూసుకుంటాడు.

నాయకుడు గుర్రం దిగే తీరు చూసి ఆ కథలో పెళ్ళవుతుందో లేదో చెప్పేయగలదు. అలాంటి నాయకుల్ని వందలమందిని చూశాక ఊళ్ళో మగవాళ్ళెవరూ ఆవిడ కంటికి ఆనలేదు. పెళ్ళి చేసుకోలేదేమమ్మా అని ఎవరైనా అడిగితే, "అయ్యాయి కదండీ, మూడొందల దాకా. అన్నీ నా చేతుల మీదుగానే" అంటుంది.

ఇక నవలని సినిమాగా తీశారంటే మొదటి రోజు మొదటి ఆట ఆవిడదే. పక్కన కూర్చున్నవాళ్ళ ఖర్మ. "ఇది పుస్తకంలో లేదు." "ఆ పిల్ల గొడుగు పట్టుకెళ్ళలేదు. పట్టుకెళ్ళకపోతేనే కదా తడిసేది, తడిస్తేనే కదా జ్వరం వచ్చేది, జ్వరం రాకపోతే వాడెందుకొస్తాడు?" ఒకసారి ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి, "తల్లీ, మిగతాది కూడా మీరే చెప్పేయండి, మేం ఇళ్ళకి పోతాం" అన్నాడు. ఎన్ని మార్చినా ఓర్చుకుంటుంది గానీ ముగింపు మారిస్తే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. ఒకావిడ ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన ముగింపులో వేలు పెట్టడానికి వీళ్ళెవరు అని వారం రోజులు సాధిస్తుంది.

ఆ మాట అనే హక్కు తనకి బొత్తిగా లేదని ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి తెలుసు. ఆవిడకొక్కదానికే తెలుసు.

అప్పుడు ఆవిడకి ఇరవై ఒకటి, వాళ్ళ అక్కకి ఇరవై అయిదు. అక్కని చేసుకుంటానన్న సర్వేయరు ఎక్కడో దూరంగా కొలతల పనికి వెళ్ళాడు. మొదట్లో వారానికో ఉత్తరం, తరవాత నెలకొకటి, ఆ తరవాత ఉలుకూ పలుకూ లేదు. అక్క తిండి మానేసింది. అడిగినదానికి జవాబు లేదు, గోడ వైపు తిరిగి పడుకోవడమే. సరిగ్గా అదే వారం, లైబ్రరీ మాస్టారు పాత పుస్తకాల్లో కొత్తగా కొన్న ఓడ నవల, ఇంకా ఎవరికీ అద్దెకి ఇవ్వకముందే బైండింగుకి వచ్చింది. అసలు పేరు వేరే ఉంది గానీ ఊళ్ళో అందరూ అలాగే అంటారు. ఎప్పటిదో పాత నవల. ఓడలో డాక్టరు, రేవు పక్కన పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి. అతను వస్తానని చెప్పి వెళతాడు. ఆమె మూడొందల పేజీలు ఎదురు చూస్తుంది. "అది కుట్టడం అయ్యాక ముందు నాకివ్వవే" అంది అక్క. వారం రోజుల్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

చెల్లెలు తన అలవాటు కొద్దీ ముందు తను చదివింది. మూడొందల నాలుగో పేజీలో ఓడ కూత వినబడుతుంది, ఆ అమ్మాయి చేతిలో ఉత్తరాలు బల్ల మీద పెట్టి తలుపు వైపు నడుస్తుంది. తరవాత ఆఖరి ఫారం. ఫారం అంటే ఒక పెద్ద కాగితాన్ని మడిచిన మడత, ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. ఆ పదహారు పేజీల్లో ఓడ వస్తుంది, అతను రాడు. వేరే రేవులో ఎవరినో పెళ్ళి చేసుకున్నాడని కబురొస్తుంది.

జిగురమ్మ పుస్తకం మూసేసింది. ఇది అక్క చేతిలో ఎలా పెట్టడం? ఎంతకీ పాలుపోలేదు. పాలుపోయాక ఇంకేం ఆలోచించలేదు. కుట్టు విప్పి ఆఖరి ఫారం తీసేసి, మిగతా పంతొమ్మిదీ కుట్టేసింది. అంతటితో ఆగలేదు. తీసేసిన దాని చివరి పేజీలోంచి 'సమాప్తం' అన్న మాట బ్లేడుతో కోసి, తెచ్చి మూడొందల నాలుగో పేజీ అడుగున అంటించింది. దీపం పెట్టి వెతికినా అతుకు కనబడదు. వాళ్ళ నాన్నకే కనబడలేదు.

అక్క ఆ నవల చదివి లేచి కూర్చుంది. ఆ సాయంత్రం కడుపు నిండా తింది. "అతను వస్తాడే" అంది. తరవాత నాన్న తెచ్చిన పళ్ళ డాక్టరు సంబంధం కూడా ఆ మాటే చెప్పి తోసేసింది. గురువారం గురువారం బస్టాండుకి వెళ్ళి వచ్చిన బస్సులన్నీ చూసి వచ్చేది. సర్వేయరు మాత్రం రాలేదు. రెండేళ్ళ తరవాత అక్క మందుల కొట్టాయన్ని చేసుకుంది. ఆయన బంగారం లాంటి మనిషి, ఇద్దరూ చిలకా గోరింకల్లా ఉన్నారు, సరే. కానీ ఆ రెండేళ్ళు ఎవరి ఖాతాలో వేయాలి? తను చేసిన పనికి అక్క వయసులో రెండేళ్ళు వృథా అయ్యాయన్న బాధ జిగురమ్మని ఒక్క రోజు కూడా వదల్లేదు. ఎనిమిది ఆకుల్నీ ఖాకీ కాగితంలో చుట్టి సొరుగు అడుగున పెట్టింది. కాల్చడానికి చేతులు రాలేదు.

ఓడ నవల ఊళ్ళో అదొక్క ప్రతే. అచ్చు వేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వందలమంది చదివారు. 'ఆహా ఏం ముగింపు, వచ్చాడని చెప్పకుండానే చెప్పింది' అని మెచ్చుకున్నారు. అలా మెచ్చుకున్నప్పుడల్లా జిగురమ్మ కత్తికి పదును పెట్టుకుంటూ తల వంచుకునేది.

అలాంటిది, ఈ ఏడు ఓడ నవలని టీవీలో ఆరు వారాల సీరియల్‌గా తీశారు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి. వీధి వీధంతా పండగ చేసుకుంది. అక్క వాళ్ళ హాల్లో పెద్ద టీవీ ఉంది కాబట్టి అందరూ అక్కడే. అందరికన్నా ముందు కుర్చీ వేసుకున్నది బావ. ప్రేమకథలంటే ఆయనకి ప్రాణం. మొదటి భాగంలో పేర్లు పడుతున్నప్పుడే రుమాలు తీశాడు.

జిగురమ్మ మాత్రం ఆ ఆరు వారాలూ ఒక్కసారి కూడా 'ఇది పుస్తకంలో లేదు' అనలేదు. ఒంట్లో బాగా లేదా అని జనం అడిగారు. ఆవిడ బాధ ఆవిడది. జీవితమంతా ముగింపులు మార్చినవాళ్ళని తిట్టిన మనిషి, ఈ ఒక్కసారికి మార్చండిరా నాయనా అని మనసులో దండం పెట్టుకుంటోంది. వీళ్ళు మార్చరా? ఎప్పుడూ మారుస్తూనే ఉంటారు కదా? నీళ్ళలో మునిగినవాణ్ణి కూడా ఆఖర్న లేపి పెళ్ళి పీటల మీద కూర్చోబెట్టిన ఘనులు కదా?

ఆవిడ ఖర్మ కాలి, ఈ డైరెక్టరు అక్షరం పొల్లుపోకుండా తీశాడు. ఓడ వచ్చింది, డాక్టరు రాలేదు.

హాలంతా భగ్గుమంది. "నవలని నాశనం చేశారు!" "కళ్ళు పోతాయి వీళ్ళకి!" ముక్కు తుడుచుకుంటూనే బావ కాగితం తీసి అక్కడికక్కడే టీవీ వాళ్ళకి ఉత్తరం రాశాడు. మా ఊళ్ళో అసలు పుస్తకం ఉంది, మీ మోసం రుజువు చేయడానికి సిద్ధంగా ఉన్నాం అని. "మొదటి సంతకం నీదే మరదలా. పుస్తకం సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అని పెన్ను చేతిలో పెట్టాడు.

జిగురమ్మ పెన్ను వైపు చూసింది, అక్క వైపు చూసింది. ఒక్క గీత గీస్తే ఇంకో ఇరవై రెండేళ్ళు గడిచిపోతాయి. పెన్ను మూత పెట్టేసింది.

"బావగారూ, టీవీ వాళ్ళు మార్చలేదు. నేను మార్చాను" అంది.

మొత్తం చెప్పేసింది, 'సమాప్తం' కోసి అంటించిన సంగతితో సహా. అక్క లేచి ఖాళీ కప్పులన్నీ పళ్ళెంలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కొట్టుకొచ్చి, "నా లైబ్రరీ పరువు తీశావు కదమ్మాయ్" అని పావుగంట తిట్టాడు. వెళ్ళేటప్పుడు, "ఆ ఎనిమిది ఆకులూ ముందు నాకే ఇవ్వు, చదివి ఇస్తాను" అన్నాడు. ఆ రోజంతా అలాగే సాగింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చివాట్లు పెట్టి, మాస్టారి తరవాత నా వంతు అని పేరు రాయించుకుని పోయారు. అక్క మాత్రం రాలేదు. ఆదివారం ఫోన్ చేస్తే బావ ఎత్తి, "ఇంకా మాట్లాడటం లేదు మరదలా. నాతో కూడా. నేనేం చేశానో తెలీడం లేదు" అన్నాడు దిగులుగా. జిగురమ్మ ఎవరికీ ఆకులు ఇవ్వలేదు. అవి చదవాల్సిన మొదటి మనిషి అక్కే.

సోమవారం పదకొండింటికి అక్క వచ్చింది. లైబ్రరీ నుంచి తెచ్చిన ఓడ నవల బల్ల మీద పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుని చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు."

అక్క చదివినంతసేపూ జిగురమ్మ ఒకే అట్టని కొలిచి కోస్తూనే ఉంది. కోయగా కోయగా అది అగ్గిపెట్టంత అయ్యింది.

"ఇందులో అంత ఘోరం ఏముందే?" అంది అక్క చివరికి. "వాడు రాలేదు. పిల్ల ఏడ్చింది. పొద్దున్నే లేచి పోస్టాఫీసు తలుపు తీసింది. అంతే కదా. ఇది నేను చదవకూడదా?"

"నువ్వు తిండి మానేశావక్కా. నాకు భయం వేసింది."

"తిండి మానేస్తే తినమని చెప్పాలి. పుస్తకం చింపుతారా?"

"చింపలేదు. కుట్టు విప్పి తీశాను."

అక్క నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత మెల్లిగా అంది. "నా కోపం ఆ రెండేళ్ళ గురించి కాదు. నేనంత పిరికిదాన్ననుకున్నావు చూడు, అందుకు. నేను తట్టుకునేదాన్నే. నాలుగు రోజులు ఏడ్చి లేచేదాన్ని. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదే?"

జిగురమ్మ కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. "తప్పయిపోయింది అక్కా. నా వల్లే కదా పళ్ళ డాక్టర్ని కాదన్నావు, నా వల్లే కదా అన్నాళ్ళు ఆ సర్వేయరు కోసం కూర్చున్నావు. నిన్ను చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది."

అక్క ఆవిడ వైపు వింతగా చూసింది. లేచి వెళ్ళి కొట్టు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"వాడి కోసం నేను ఎదురు చూసింది ఆరు నెలలే" అంది గొంతు తగ్గించి. "తరవాత కూడా గురువారం గురువారం బస్టాండుకి వెళ్ళాను, నిజమే. బస్టాండు ఎదురుగా కొత్తగా పెట్టిన కొట్టు ఎవరిదో నీకు తెలీదా?"

జిగురమ్మ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. "బావ మందుల కొట్టు!"

"మెల్లిగా అరవవే. తలనొప్పి మాత్ర అడిగితే చాలు, మీ బావ కంగారుపడి డబ్బా కింద పడేసేవాడు. ఏడాదిన్నర వెళ్ళాను, నాకు లేని జబ్బు లేదు. ఆయనేమో నోరు తెరవడు. ఆయన తెరిచేదాకా నాన్నకి ఏదో ఒకటి చెప్పాలా వద్దా? 'ఓడ నవల చూడు నాన్నా, అంత కాలం తరవాత కూడా వచ్చాడు, సర్వేయరూ వస్తాడు' అని నీ పుస్తకమే చూపించేదాన్ని. పాపం నాన్న నమ్మేవాడు. ఆ ఆకులే ఉండి ఉంటే ఈపాటికి పళ్ళ డాక్టరు పెళ్ళాన్ని అయ్యుండేదాన్ని."

ఇద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కాస్త తేరుకున్నాక జిగురమ్మ అడిగింది. "ఇదంతా బావకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఏడాదిన్నర వెంటపడి నన్ను తనే ఒప్పించానని ఊరంతా చెప్పుకుంటాడు. ఆ కథ జోలికి మాత్రం నువ్వు పోకు" అని అక్క ఎనిమిది ఆకులూ సరిచేసి బల్ల మీద నవల పక్కన పెట్టి, సూదిలోకి దారం ఎక్కించి చెల్లెలి చేతికిచ్చింది.