కాకిబంగారం ఊరికి సున్నం

ఇప్పటి గోడల రంగులు చొక్కాకి అంటవు. నాకదొక లోటు. ఆ రోజుల్లో సున్నం గోడకు ఆనుకున్నవాడి వీపు చూస్తే చాలు, పనెగ్గొట్టి ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోయేది.

అరవైల మొదట్లో, బి.ఏ. ఎలాగో గట్టెక్కిన నాకు గూడూరు దగ్గర కాకిబంగారం గనిలో (పుస్తకాల్లో అభ్రకం అంటారు) గుమాస్తా పని దొరికింది. గని అప్పటికే మూతపడింది. ("మూసేసిన గనిలో వీడు చెడగొట్టేది ఏముంటుంది" అని మా నాన్న నిశ్చింతగా ఉన్నాడు.) కూలీల ఇళ్లలో మేకలు కాపురం చేస్తున్నాయి. గని కొనడానికి మద్రాసు నుంచి సేటు వస్తున్నాడని ఓనరుగారు నన్ను పిలిచి, "ఊరు బతికుండేట్టు కనపడాల. చదువుకున్నోడివి, చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. మేకల్ని తోలించి, గోడలకు సున్నం కొట్టించి, మనుబోలు నుంచి కూలికి మనుషుల్ని తెచ్చి అరుగుల మీద కూర్చోబెట్టాను. పొయ్యిల్లో పచ్చిపుల్లలు పెట్టించాను, పొగ బాగా రావాలని. ఇళ్ల చివర, కూలీలు గనిలోకి దిగిన పాత గుంత ఒకటి నోరు తెరుచుకుని వికారంగా ఉంటే, పూడ్పించి క్రోటన్లు నాటించాను. ఇక మొగుడికి అన్నం తెచ్చే ఆడమనిషి ఒకరుంటే దృశ్యం పూర్తవుతుందనిపించింది. మేస్త్రీని అడిగాను.

"ఒకామె ఉండాది సార్. పిలిచే పన్లా, శుక్రవారం శుక్రవారం తనే వస్తాది."

సేటు వచ్చేదీ శుక్రవారమే. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

ఓనరుగారి వెంట వచ్చిన సేటు పొగకు దగ్గుతూనే "కళగా ఉంది" అన్నాడు. అంతలో ఆమె వచ్చింది. ఇంత బొట్టు, చేతినిండా గాజులు, గుడ్డ కట్టిన సద్దిగిన్నె.

"ఎవరికమ్మా అన్నం?" అన్నాడు సేటు ముచ్చటపడి.

"మా ఆయనకి. గుంతలో ఉండాడు."

సేటు తృప్తిగా తలూపాడు. మేస్త్రీ నా చెవిలో అన్నాడు: "గుంత కూలినప్పుడు లోపలుండిపొయినాడు సార్. శవాన్ని చూడందే బొట్టు తియ్యనని, దినాలు గూడా చెయ్యనీలా."

ఆమె నేరుగా ఇళ్ల చివరికి నడిచి క్రోటన్ల ముందు ఆగింది. గిన్నె కింద పెట్టలేదు. సేటు ఓనరుగారిని చూశాడు, ఓనరుగారు నన్ను చూశారు. చూడ్డానికి నా వెనక ఎవరూ లేరు, గోడే ఉంది. ఆనుకున్నాను.

"పూడ్చేశామమ్మా," అన్నాను. "చూడ్డానికి బాగుంటుందని."

ఆ మాట తలుచుకుంటే ఈ వయసులోనూ చెయ్యి దానంతటదే వీపు దులుపుకుంటుంది. నవ్వూ వస్తుంది, అంత చదువూ చదివి ఆ కుర్ర గుమాస్తాకి దొరికిన మాట అదేనా అని.

ఆమె మొక్కల్ని కాసేపు చూసింది.

"బాగానే ఉండాయి అబ్బయ్యా. మా ఆయన ఇంక యాణ్ణించి పైకొస్తాడు?"