తినకూడని చోట్లన్నీ తెలిసినావిడ

ఆవిడకు ఆఫీసు పెట్టిన పేరు ఒకటి, హోటళ్ల వాళ్లు పెట్టిన పేరు ఇంకొకటి. నగరపాలక సంస్థ కాగితాల్లో ఆహార తనిఖీ అధికారి. వంటవాళ్ల నోట్లో మాత్రం థర్మామీటరమ్మ. చేతిసంచీలో పర్సు పెట్టుకోవడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, పెన్నులా ఉండే ఆ సన్నటి థర్మామీటరు మరిచిపోయిన రోజు లేదు. వంటగదిలో అడుగుపెడితే ముందు ఫ్రిజ్ తలుపుకున్న రబ్బరు వేలితో నొక్కి చూస్తుంది. తర్వాత గిన్నెలో ఆ పుల్ల గుచ్చుతుంది, అంకె చూస్తుంది, రాసుకుంటుంది. తిట్టదు, గొంతు పెంచదు. అరిచే మనిషైతే బతిమాలుకోవచ్చు, ఈవిడతో ఆ దారి కూడా లేదే అని హోటళ్ల వాళ్లు తల పట్టుకునేవారు.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆవిడ బయట ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు. టీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేది. తను తినకపోతే పోయింది, ఇంట్లోవాళ్లనూ తిననిచ్చేది కాదు. ఏ హోటలు పేరెత్తినా దాని వెనకవైపు ఎలా ఉంటుందో చెప్పేది. రెండు ముక్కల్లో చెప్పేది గానీ, ఆ రెండు ముక్కలు విన్నాక ఎవరికీ ఆకలి మిగిలేది కాదు.

"కొడుక్కి పెళ్లాన్ని తెచ్చుకున్నాననుకున్నా, నా నోటికి తాళం తెచ్చుకున్నానని తెలీలేదు" అని వాళ్ల అత్తగారు వచ్చిన చుట్టాలందరి దగ్గరా వాపోయేది. అత్తగారికి డెబ్భై ఆరేళ్లు. పళ్లు సగమే ఉన్నా, నాలుక మాత్రం పాతికేళ్ల దగ్గరే ఆగిపోయింది.

కోడలి పట్టుదల వెనక ఒక కథ ఉంది. ఆవిడ తండ్రి ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. ఆరువందల మందికి వండేవాడు, కొలత గరిటె ఎరగడు. గరిటె చివర అంటుకున్న చుక్కని నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకో పిడికెడు ఉప్పు" అనేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు. ఒక వేసవిలో ముందురోజు మిగిలిన మాంసం కూరని రుచి చూసి, బాగానే ఉందని మళ్లీ కాచి వడ్డించాడు. సాయంత్రానికి నలభై మంది ఆసుపత్రిలో ఉన్నారు. అందరూ బతికారు. ఒకతను మాత్రం నెల రోజులు మంచం దిగలేదు.

విచారణలో ఆయన, "నేను రుచి చూశాను, బాగానే ఉంది" అన్నాడు. మళ్లీ మళ్లీ అదే అన్నాడు. ఉద్యోగం పోయింది. ఒక గోడౌన్‌కి కాపలాదారుగా చేరాడు. అప్పటికి కూతురికి పద్నాలుగేళ్లు. ఆ తర్వాత ఆయన గరిటె పట్టుకోవడం ఆమె చూడలేదు. కూతురి పెళ్లిలో వంటాయన మర్యాదకి ఒక గరిటెలో పులుసు తెచ్చి, "మీరొకసారి చూడండి బాబాయ్" అంటే, మొహం తిప్పుకుని కుర్చీలు సర్దడానికి వెళ్లిపోయాడు. ఆయన పోయి ఆరేళ్లయింది.

నాలుకని నమ్మకూడదని ఆమె నేర్చుకున్నది అలాగ. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు.

ఆ ఏడాది నదీతీరం పార్కులో మూడు రోజుల సంస్కృతుల మేళా పెట్టారు. నగరంలో ఉన్న రకరకాల జనం వాళ్ల వాళ్ల పాటలు పాడటం, ఆటలు ఆడటం, వాటితోపాటు పద్దెనిమిది తిండి ట్రక్కులు. పెద్ద హోటళ్లలో పనిచేసి బయటికొచ్చిన వంటవాళ్లు, వంట మీద పిచ్చితో ఉద్యోగాలు మానేసినవాళ్లు నడుపుతున్న ఖరీదైన ట్రక్కులు. ఒక్కోదానికి ఒక్కో రంగు, ఒక్కో పేరు. మొదటిరోజు పొద్దున్న ఏడింటికల్లా థర్మామీటరమ్మ అక్కడుంది. పదకొండింటికి జనాన్ని వదులుతారు, ఆలోపు పద్దెనిమిదీ చూడాలి.

పదహారు బాగానే ఉన్నాయి. ఒకదాంట్లో చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవు. నీళ్లు వచ్చేదాకా తెరవొద్దని కాగితం అంటించింది. చివరిది సూప్ ట్రక్కు. దాని యజమాని ఇరవై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, బడి మూతపడ్డాక ట్రక్కు కొనుక్కున్న మాస్టారు. గుండ్రటి మనిషి. ఏప్రాను మీద సుద్దముక్కతో రాసినట్టు కూడిక గుర్తు కుట్టించుకున్నాడు. ఫ్రిజ్‌లో నాలుగు పెద్ద గిన్నెల నిండా కోడి సూప్, ముందురోజు కాచి చల్లార్చి పెట్టినది.

ఆవిడ పుల్ల గుచ్చింది. ఐదు దాటకూడని చోట పదకొండు డిగ్రీలు చూపించింది. రెండో గిన్నెలోనూ అంతే. కిందికి వంగి చూస్తే, జనరేటరు నుంచి వచ్చే తీగ ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది.

"ఇది ఎన్నింటికి ఊడిందో తెలుసా మాస్టారూ?"

"తెలీదు మేడం. రాత్రి చూసినప్పుడు బాగానే ఉంది."

"నాకూ తెలీదు. అందుకే పారబోయాలి."

మాస్టారు గిన్నె మూత తీసి ముందుకు జరిపాడు. "వాసన చూడండి. ఎక్కడైనా తేడా ఉందా?"

"చెడిపోయిందంతా వాసనొస్తే మా ఉద్యోగం కుక్కలే చేసేవి."

"పోనీ ఒక్క చెంచా రుచి చూడండి. మీ నోటికి తేడా అనిపిస్తే నేనే పారబోస్తా."

ఆవిడ రాస్తున్న పెన్ను ఆగింది. "నోరు ఆ పనికి పనికిరాదు" అని చెప్పి మళ్లీ రాసుకుంది.

నాలుగు గిన్నెలూ డ్రమ్ములో పోయించి, పైన ఫినాయిలు పోయించింది. పోస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. అది రూలు. మాస్టారు ఖాళీ గిన్నె బోర్లించి, "మార్కులు తగ్గిస్తే ఓర్చుకునేవాణ్ణి మేడం, మీరు పేపరే చించేశారు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, నీరసం ఉంది.

"తీగ సరిచేయించండి, మళ్లీ వచ్చి చూస్తాను. రొట్టె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వాడుకోవచ్చు."

"రెండు బస్తాల ఉల్లిపాయలతో ఏం చెయ్యను?"

ఆవిడకి వెంటనే ఏదో తోచింది. చెప్పడానికి నోరు తెరిచి, తన పని కాదని మూసుకుంది. పదింటికి మళ్లీ వచ్చి ఫ్రిజ్ నాలుగు డిగ్రీలకు దిగిందని చూసి, ట్రక్కు తెరుచుకోమని సంతకం పెట్టింది. అప్పటికే మాస్టారు కళ్ల నీళ్లు కారుస్తూ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆ నీళ్లలో ఉల్లిపాయల వాటా ఎంతో ఆవిడ అడగలేదు.

రెండింటికి డ్యూటీ అయిపోయింది. బ్యాడ్జీ తీసి సంచీలో వేసుకుని గేటు దగ్గరికొచ్చేసరికి ఎదురుగా అత్తగారు. పెట్టె అడుగు నుంచి తీసిన బట్టలు కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"నేను చెప్తూనే ఉన్నా వదినా" అంది ఆడపడుచు, తప్పు తనది కాదన్నట్టు. "బస్సెక్కి తనే వచ్చేస్తానంటే, ఇక తీసుకురాక ఏం చెయ్యను?"

అత్తగారు కూతురి చెయ్యి వదిలి కోడలి చెయ్యి అందుకుంది. "అమ్మాయ్, ఇరవై రెండేళ్లుగా ఎక్కడ తినకూడదో చెప్పావు. విన్నాను. ఇవాళ ఎక్కడ తినాలో చెప్పు."

"పద్దెనిమిదిలో పదహారింట్లో తినొచ్చు అత్తయ్యా. ఇంకో రెండు కూడా ఇప్పుడు ఫర్వాలేదు."

"తినొచ్చో లేదో కాదే నేనడిగేది. ఏది బాగుంటుంది?"

కోడలు పద్దెనిమిది ఫ్రిజ్‌ల అంకెలు వరసగా అప్పజెప్పగలదు. ఏ ట్రక్కు వంటవాడికి గోళ్లు పెరిగాయో చెప్పగలదు. ఏది బాగుంటుందో మాత్రం తెలీదు. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ లోటుగా తోచలేదు. ఇప్పుడు కాస్త సిగ్గేసింది.

"తెలీదు" అంది.

"అయితే తిని తెలుసుకుందాం పద" అని అత్తగారు ముందుకు నడిచింది. మోకాళ్ల నొప్పుల సంగతి ఆ పూటకి ఆవిడకే గుర్తులేనట్టుంది.

ఒక్కో ట్రక్కు దగ్గర ఒక్కటే కొని, ముగ్గురూ పంచుకోవాలని ఆడపడుచు ఏర్పాటు చేసింది. తల్లికి షుగరు. డాక్టరు దగ్గర మాట పడేది తనే. మొదట వేయించిన చేప. అరచేతంత కాగితం పళ్లెం, మూడు చెక్క పుల్లలు. అత్తగారూ ఆడపడుచూ తినేశారు. కోడలు తన ముక్కని పుల్లకి గుచ్చి, ఊది, చూసి, చివరికి నోట్లో పెట్టుకుంది. వెంటనే మింగలేదు.

"నిమ్మకాయ తొందరపడి పిండాడు. దించాక పిండాల్సింది" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

అత్తగారు నమలడం ఆపి కోడలి మొహంలోకి చూసింది.

రెండోది ఆవిరి మీద ఉడికించిన పిండి ఉండలు. "అల్లం దంచలేదు, తురిమాడు. అందుకే పీచు లేదు. బాగుంది." మూడోది కాల్చిన వంకాయ పరిచిన రొట్టె. "వంకాయ బొగ్గు మీద కాల్చింది కాదు. పొగ వాసన దేంతోనో కలిపారు." ఆడపడుచు వెళ్లి ట్రక్కతన్ని అడిగొచ్చింది. నిజమే, సీసాలోది కలిపాడట.

"ఇన్నేళ్లూ ఎక్కడ దాచావే ఈ నాలుక?" అంది అత్తగారు.

"మా నాన్నది."

అత్తగారికి ఆ క్యాంటీన్ సంగతి తెలుసు. పెళ్లికి ముందే ఎవరో చేరవేశారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని ఎత్తి చూపలేదు. వేలికి అంటిన వంకాయ నాకేసి, "ఆ చివర్దేంటి, అక్కడెవరూ లేరు?" అంది.

అది సూప్ ట్రక్కు. కోడి సూప్ అని రాసిన పలక మీద అడ్డంగా గీత కొట్టి, కింద ఉల్లిపాయ సూప్, కాల్చిన రొట్టె అని రాసి ఉంది. కోడల్ని చూడగానే మాస్టారు పొద్దుటి పర్మిట్ కాగితం తీసి చూపించాడు.

"కాగితం వద్దు మాస్టారూ. ఒక కప్పు సూప్ ఇవ్వండి."

మాస్టారికి ఆ మాట అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. డబ్బు వద్దన్నాడు. డబ్బు తీసుకోకపోతే సూప్ వద్దని ఆవిడ అంది. తీసుకున్నాడు.

అత్తగారు రెండు గుక్కలు తాగి, "వేడిగా ఉంది" అని ఊరుకుంది. అంతకంటే చెప్పడానికేమీ లేదని దానర్థం. కోడలు తాగింది. పొద్దున్న చెప్పకుండా మింగేసిన మాట మళ్లీ నాలుక చివరికొచ్చింది. ఈసారి డ్యూటీ లేదు.

"ఉల్లిపాయల్ని తొందరపెట్టారు మాస్టారూ. సన్న మంట మీద గంట వదిలెయ్యండి. ఇటుక రంగు రావాలి. అడుగంటుతుంటే చెంచాడు నీళ్లు చల్లి గీకండి, ఆ గీకిందే సూప్. ఉప్పు చివర్న."

"ఇది రూలా మేడం?"

"కాదు. వినకపోయినా ఏమీ రాయను."

మాస్టారు విన్నాడు. పెద్ద మూకుడు తీసి, కొత్తగా తరిగిన ఉల్లిపాయలు వేసి, మంట తగ్గించాడు. వాళ్లు ముగ్గురూ వెళ్లి డప్పుల ఆట చూశారు. అత్తగారు ఒక ఐస్‌క్రీమ్‌లో సగం తిని, కూతురు చూసేలోపు మిగతా సగం కూడా తినేసింది. నాలుగున్నరకి గాలి అటువైపు తిరిగి, ఉల్లిపాయలు వేగుతున్న వాసన పార్కు మధ్యదాకా వచ్చింది. తిరిగి వెళ్లేసరికి ట్రక్కు ముందు పదిహేనుమంది దాకా ఉన్నారు. ఆవిడ కూడా వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక కప్పు అందుకుని పక్కకొచ్చి తాగింది.

బాగుంది. ఆవిడకి చిన్నప్పటి క్యాంటీన్ వెనక మెట్లు గుర్తొచ్చాయి, సెలవు రోజుల్లో అక్కడ కూర్చుని తండ్రి ఇచ్చిన కప్పు ఊదుకుంటూ తాగడం గుర్తొచ్చింది. ఏడుపేమీ రాలేదు. కప్పు ఖాళీ అయ్యేదాకా తాగి, బుట్టలో పడేసి, అత్తగారిని తీసుకుని బస్సు స్టాపుకి నడిచింది.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. వరసలో నిలబడ్డప్పుడు ఎవరో ఫొటో తీశారు. నాలుగో రోజున ఆఫీసుకి అది ఒక ఫిర్యాదుతోపాటు వచ్చింది. పొద్దున్న తనిఖీ చేసిన ట్రక్కు దగ్గరే సాయంత్రం అధికారి సూప్ తాగడం ఏమిటని. సంజాయిషీ అడిగారు. ఆవిడ రాసిన జవాబు నాలుగు వాక్యాలు. డ్యూటీ రెండింటికి ముగిసింది. రెండుసార్లూ డబ్బిచ్చి కొన్నాను. రసీదులు జతపరిచాను. సూప్ వేడి డెబ్భై ఎనిమిది డిగ్రీలు.

పై అధికారి అది చదివి, నవ్వు బిగపట్టుకుని, "తాగేముందు కూడా గుచ్చి చూశారా?" అని అడిగాడు.

"చూశాను."

"ఎలా ఉంది?"

"మొదటిది ఫర్వాలేదు. రెండోది బాగుంది."

ఫైలు మూసేశారు. కానీ నెల తిరక్కుండా ఒక సర్క్యులరు వచ్చింది. తనిఖీ చేసిన చోట అధికారులెవరూ నెల రోజుల దాకా తినకూడదని. సంతకం పెట్టి, ఒక కాపీ ఇంటికి తీసుకెళ్లి అత్తగారికి చదివి వినిపించింది. అత్తగారికి ఆ వారం షుగరు పెరిగి, డాక్టరు చేత చివాట్లు తిని ఉంది. అంతా విని, "అయితే మేళాకి ముందు నువ్వు సగం ట్రక్కులే చూడు. మిగతా సగం ఇంకొకళ్లని చూడమను. మనం అవి తిందాం" అంది.

ఆవిడ మర్నాడే అలాగే అర్జీ పెట్టుకుంది. ఒప్పుకున్నారు.

మరుసటి ఏడాది మేళాకి మాస్టారు రాలేదు. వేరే బడిలో ఉద్యోగం దొరికి, ట్రక్కు అమ్మేశాడని తెలిసింది. అత్తగారికి మోకాళ్లు ఇక సాగనివ్వక, గేటు పక్కన నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. కోడలూ ఆడపడుచూ ఇంకొకళ్లు తనిఖీ చేసిన తొమ్మిది ట్రక్కులూ తిరిగి ఒక్కో పళ్లెమూ తెచ్చిపెట్టారు. పుట్టగొడుగులు వేసిన అన్నం దగ్గర ఉప్పు తక్కువైందని కోడలంది. సరిగ్గా సరిపోయిందని అత్తగారంది. ఇద్దరూ ఇంకో ముద్ద తీసుకున్నారు. ఎవరి మాట మీద వాళ్లే ఉన్నారు. ఆడపడుచు మధ్యలో కూర్చుని, వాళ్ల వాదన తేలేలోపు పళ్లెం ఖాళీ చేసింది.