అట్టమీద త్రాయ్కో ముఖం

మా ఆయన వుకాషిన్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు, చెడ్డవాళ్ళు తిని హాయిగా పడుకుంటారు. ఈయన ఒక తప్పు చేశాడు, దానికి ముప్ఫై ఏళ్ళకి పైగా కుమిలాడు, కుమిలి కుమిలి ఆ తప్పుని ఇంకా పెద్దది చేసి పెట్టాడు.

మాది సెర్బియాలో లెస్కోవాట్స్ ఊరు. పగలు ఆయన బట్టల మిల్లులో బోర్డులు రాసేవాడు. సాయంత్రం ఇంట్లో, నేను మిరపకాయలు కాల్చే పొయ్యి పక్కనే, పుస్తకాలకి అట్టబొమ్మలు వేసేవాడు. పేపర్లమ్మే బడ్డీల్లో వారం వారం వచ్చే చిన్న పుస్తకాలు అవి. చౌక కాగితం, లోపల ఒక తుపాకీ, ఒక శవం, ఒక అందగత్తె. వీరుడి పేరు రెక్స్ హాలోవే, లండన్ డిటెక్టివు. రాసేది మాత్రం నీష్ ఊళ్ళో ఒక భూగోళం మాస్టారు. ఆయన లండన్‌ని పటంలో తప్ప చూసి ఎరగడు. మిల్లు బస్సులో సగం మంది చేతిలో అదే ఉండేది.

బొమ్మకి మనుషుల్ని మా వీధిలోంచే తెచ్చుకునేవాడు వుకాషిన్. రెక్స్ హాలోవేకి తన ముఖమే పెట్టుకున్నాడు. నా వానకోటు తొడుక్కుని బీరువా అద్దం ముందు కళ్ళు చికిలించి నిలబడేవాడు. కోటు భుజాల దగ్గర పట్టేది కాదు. "ఊపిరి బిగబట్టకయ్యా, గుండీలు తెగుతాయి" అంటే, "హీరో ఊపిరి బిగబడతాడు" అనేవాడు.

తర్వాత ఆ మాస్టారు కొత్త విలన్ని పుట్టించాడు. పేరు ఉరిదొర. పొగమంచులోంచి వచ్చి ఆడవాళ్ళ మెడకి తాడు బిగిస్తాడు. వాడికి ఒక ముఖం కావాల్సి వచ్చింది. మా ఆయన త్రాయ్కో దగ్గరికి వెళ్ళాడు.

త్రాయ్కో తాళ్ళు పేనేవాడు. నడుముకి జనపనార చుట్టుకుని, పొడుగాటి కొట్టంలో వెనక్కి వెనక్కి నడుస్తూ పేనేవాడు. అన్నిటికంటే ముఖ్యం, అతను మా కూమ్. మా పెళ్ళిలో మా పక్కన నిలబడ్డవాడు. మా వాళ్ళలో కూమ్ అంటే తోడబుట్టిన అన్నకంటే ఒక మెట్టు పైన. అన్నతో కొట్లాడితే ఊరు నవ్వుతుంది, కూమ్‌తో తెంచుకుంటే ఊరు భయపడుతుంది.

"కూమా, నువ్వు పని చేస్తున్న బొమ్మ వేస్తాను, తాడు బిగించి పట్టుకో" అన్నాడట వుకాషిన్. "ఇంకాస్త. పళ్ళు కొరుకు." త్రాయ్కో కొరికాడు. మా ఆయన ఫోటో తీసుకున్నాడు. పని బొమ్మే అనుకున్నాడు పాపం త్రాయ్కో, నవ్వుతూ ద్రాక్షపళ్ళు కూడా ఇచ్చి పంపాడు.

అట్ట వచ్చింది. అదే చెయ్యి, అదే తాడు, అవే పళ్ళు, బిగిసిన దవడ మీద అదే మచ్చ. తాడు మధ్యలో ఒక ఆడదాని మెడ. ఆ మెడ నాది. నా మెడని ఊళ్ళో ఒక్కరూ గుర్తుపట్టలేదు, ఆ అవమానం వేరే సంగతి. త్రాయ్కోని మాత్రం అందరూ గుర్తుపట్టారు.

బస్టాండు బడ్డీ దగ్గర త్రాయ్కో ఒక కాపీ కొని, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళాడని చెప్పారు. ఏమీ అనలేదట. ఆ మౌనానికే మా ఆయన సగం చచ్చాడు. ఇంతలో బెల్‌గ్రేడ్‌లో పుస్తకాల కంపెనీ నుంచి కబురు: ఉరిదొర ఉన్న వారం ఒక్క పుస్తకం మిగలడం లేదు, అతన్నే వెయ్యండి.

"ముక్కు మార్చు. మీసం పెట్టు" అన్నాను.

"జనానికి ఆ ముఖం అలవాటైపోయింది జివ్‌కా" అన్నాడు. బ్రష్షు కడుగుతూ అన్నాడు, నా వైపు చూడలేదు.

ఆ నవంబరులో దిమిత్రి పండుగ వచ్చింది. అది త్రాయ్కో ఇంటి దేవుడి పండుగ, వాళ్ళ స్లావా. స్లావాకి ఎవరినీ పిలవరు. తలుపు తీసి ఉంటుంది, వెళ్ళాల్సినవాళ్ళు వెళ్తారు, కూమ్ అందరికంటే ముందు వెళ్తాడు. వుకాషిన్ టై కట్టుకున్నాడు. మంచం మీద కూర్చున్నాడు. "ఏ ముఖంతో వెళ్ళను?" అన్నాడు. కాసేపటికి బూట్లు విప్పేశాడు.

నేనూ వెళ్ళలేదు. మొగుడు లేకుండా కూమ్ గుమ్మం తొక్కితే ఏమనుకుంటారోనని ఆగిపోయాను. మరుసటేడు ఇంకా కష్టమైంది. తర్వాత కష్టం కూడా లేదు, అలవాటైపోయింది. ఎదురుగా త్రాయ్కో వస్తే మా ఆయన వీధి మార్చేవాడు. ఊళ్ళో పిల్లలు త్రాయ్కోని ఉరిదొర అని పిలిచేవాళ్ళు, మెల్లగా పెద్దవాళ్ళూ మొదలుపెట్టారు. అతను కొట్టం మూసి మిల్లులో మూటలు కట్టడానికి చేరాడు. ప్లాస్టిక్ తాళ్ళు వచ్చాయి కాబట్టి మూశాడని మా ఆయన అందరికీ చెప్పేవాడు. ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

ఆ తర్వాత దేశం ముక్కలైంది, పుస్తకాల కంపెనీ పోయింది, రెక్స్ హాలోవే కూడా పోయాడనుకున్నాం.

పోలేదు. ఒకరోజు తియానా అనే పిల్ల మా గేటు ముందు నిలబడింది. బూట్లు మగాడివి, చేతినిండా సిరా మరకలు. "రెక్స్ హాలోవే అట్టలు వేసిన వుకాషిన్ గారిల్లు ఇదేనా అమ్మమ్మా?" అంది. కాఫీ పోశాను. ఆ పిల్లా, ఆమె స్నేహితులూ కలిసి బొమ్మల కథలు వేసుకుంటారు. ఏ కంపెనీ లేదు. తలా ఒక కథ గీసి, ఒక పుస్తకంగా కుట్టి, కామిక్స్ సంతల్లో బల్లలు పరిచి వాళ్ళే అమ్ముకుంటారు. పాత రెక్స్ హాలోవే అంటే వాళ్ళకి పిచ్చి. తెచ్చిన పుస్తకాలు నా బల్ల మీద పరిచింది.

నాకు చదువు నాలుగో తరగతే, కానీ బొమ్మలకి చదువెందుకు. ఒక కథలో రెక్స్ ముసలాడై పింఛను క్యూలో నిలబడ్డాడు, హత్య చేసింది కిటికీ వెనక గుమాస్తా అని తెలిసీ నోరు విప్పడు, విప్పితే వరసలో చోటు పోతుంది. ఇంకో కథలో రెక్స్ ఆడది, చంకలో బిడ్డ. మరోదాంట్లో మనిషే లేడు, మేకుకి వేలాడే కోటు మాత్రం ఉంది, కథంతా ఆ కోటే ఆలోచిస్తుంది. "దీనికి బుర్ర ఎక్కడుందే?" అన్నాను. తియానా నవ్వింది. "రెక్స్ ఎవరైనా కావచ్చు అమ్మమ్మా, అదే మజా."

నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. రెక్స్ లావయ్యాడు, సన్నబడ్డాడు, నల్లబడ్డాడు. ఉరిదొర మాత్రం ప్రతి కథలోనూ త్రాయ్కోనే. అదే దవడ, అదే మచ్చ.

"మరి వీడెందుకు మారలేదు?"

"అయ్యో, ఉరిదొరని ఎలా మారుస్తాం? ఆ ముఖం తాత సృష్టించిన అద్భుతం" అంది ఆ పిల్ల, భక్తిగా.

తాత అనబడే మా ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. తన ముఖం ఏ పుస్తకంలోనూ మిగల్లేదు. త్రాయ్కోది అన్నిట్లోనూ ఉంది. పైగా వచ్చే పుస్తకం మొత్తం ఉరిదొర మీదేనట, అట్ట తాతే వెయ్యాలట.

ఆయన సరేననలేదు, కాదనలేదు. కాగితం బల్లకి గుచ్చి దాని ముందు కూర్చునేవాడు. భోజనానికి పిలిస్తే, "అడగాలి జివ్‌కా. ఈసారైనా అడగాలి" అనేవాడు.

"అయితే వెళ్ళి అడుగు. అతనుండేది చంద్రుడి మీద కాదు, చర్చి వెనక."

"తలుపు తియ్యకపోతే?"

"దిమిత్రి పండుగనాడు వెళ్ళు. ఆ రోజు తలుపు మూసుండదు."

వెళ్ళాం. గుమ్మంలో త్రాయ్కో కూతురు రుజిత్స నిలబడింది. చిన్నప్పుడు నా ఒడిలో పడుకున్న పిల్ల, జుట్టు నెరిసింది.

"ఎవరు కావాలి?" అంది, ఎవరో తెలిసే.

"స్లావాకి వచ్చామమ్మా" అన్నాను.

ఆ మాట అన్నాక ఆ రోజు ఎవరూ కాదనలేరు. "బూట్లు తుడుచుకోండి" అని పక్కకి జరిగింది.

గదినిండా జనం. త్రాయ్కో నిలబడి ఉన్నాడు, చేతిలో సారా సీసా. స్లావానాడు ఇంటి యజమాని కూర్చోడు, ఎనభై ఏళ్ళొచ్చినా సరే. ఉడికించిన తీపి గోధుమల గిన్నె మా ఆయన ముందు పట్టాడు. వుకాషిన్ చెంచా ఎత్తాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"పండుగ శుభం కూమా."

"కూర్చో."

కూర్చున్నవాడు ఊరుకోలేదు. తియానా ఇచ్చిన పుస్తకం కోటులోంచి తీశాడు. "మళ్ళీ నీ బొమ్మే వెయ్యమంటున్నారు. నీ మాట లేకుండా ముట్టుకోను. అప్పుడు అడగలేదు. అబద్ధం చెప్పి ఫోటో తీశాను. కుక్క పని చేశాను."

త్రాయ్కో సీసా కింద పెట్టి కళ్ళజోడు పెట్టుకున్నాడు. పేజీలు తిప్పాడు.

"ఇది నేను. ఇదీ నేనే. నువ్వెక్కడ?"

మా ఆయన వేలు పెట్టి చూపించాడు.

"ఇది ఆడది కదయ్యా. చంకలో పిల్ల కూడాను."

బల్ల చివర ఎవరో ముక్కుతో నవ్వారు. త్రాయ్కో నవ్వలేదు.

"ఈ మాట ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకు తిరిగావా? పళ్ళు ఊడలేదూ?"

"అన్నీ ఊడాయి. ఇవి కట్టుడువి" అన్నాను నేను, మా ఆయన బదులు.

"నువ్వాగు కూమా" అన్నాడు త్రాయ్కో నాతో, మెత్తగానే. తర్వాత మా ఆయనతో అన్నాడు. "బొమ్మ వేశావు. సరే. ఆ వారమే వచ్చుంటే చెంప పగలగొట్టి, ఓ గ్లాసు పోసేవాణ్ణి, అక్కడితో సరి. మొదటి ఏడు పిల్లలు ఉరిదొరా అని అరిస్తే నేనూ కళ్ళు ఉరిమేవాణ్ణి. ఆటే కదా. దిమిత్రి పండుగకి నువ్వు రాలేదు. ఇల్లంతా మనుషులు, నేను నిలబడి పోస్తున్నా, అందరి కళ్ళూ నీ కుర్చీ మీదే. మరుసటేడూ రాలేదు. ఊరేమనుకుందో తెలుసా? సొంత కూమే గుమ్మం తొక్కడం మానేశాడంటే వీడిలో ఏదో ఉంది, అది చూసే ఆ ముఖం వేశాడు అని. బొమ్మ బొమ్మలాగే ఉండేది. నువ్వు రాకపోవడమే దాన్ని నిజం చేసింది."

సిగ్గుతో దూరంగా ఉన్నాం అనుకున్నాం. ఆ దూరమే త్రాయ్కో మీద వేసిన ముద్ర అయిందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. వెళ్ళకుండా కుములుతుంటే శిక్ష మేమే పడుతున్నాం అనుకున్నాం. పడింది అతను.

వుకాషిన్ లేచి సీసా అందుకోబోయాడు. "నువ్వు కూర్చో కూమా. ఇవాళ నేను నిలబడతాను."

"ఇది నా ఇల్లు, నిలబడేది నేను" అన్నాడు త్రాయ్కో. ఒక కుర్చీ లాగి, గుమ్మానికి ఎదురుగా వేశాడు. "నువ్వు ఇక్కడ కూర్చో. వచ్చే ప్రతివాడికీ కనిపించు. ఇన్నేళ్ళు ఎందుకు రాలేదో నీ నోటితో చెప్పు."

కూర్చున్నాడు. మిల్లులో పనిచేసిన ముసలి దంపతులు వచ్చారు, చెప్పాడు. చర్చి గంటలు కొట్టే ఆయన వచ్చాడు, చెప్పాడు. "అబద్ధం చెప్పి ఫోటో తీశాను, సిగ్గేసి రాలేదు, త్రాయ్కోలో ఏ తప్పూ లేదు." వాళ్ళు ఎక్కడ చూడాలో తెలియక గోధుమల గిన్నెలోకి చూసేవాళ్ళు. మధ్యలో ఒకసారి మా ఆయన మాట కుదించాడు. వెనక నుంచి త్రాయ్కో, "ఫోటో సంగతి మింగేశావు, మొత్తం చెప్పు" అన్నాడు. మొత్తం చెప్పాడు.

సాయంత్రం రుజిత్సతో చదువుకున్న మిలుంకా వచ్చింది. ఆమెకీ చెప్పాడు. మిలుంకా ఎర్రబడి రుజిత్స వైపు తిరిగింది.

"బళ్ళో నువ్వు రాగానే మా మెడలు మేమే పట్టుకుని కింద పడిపోయేవాళ్ళం... ఊరికే ఆడుకునేవాళ్ళం కదే."

"మీరు ఆడుకునేవాళ్ళు" అంది రుజిత్స. ప్లేట్లు తీస్తూ అంది, గొంతు పెంచలేదు.

మా ఆయన అది విన్నాడు. అప్పటిదాకా అతని కళ్ళు త్రాయ్కో మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆ అమ్మాయిని చూశాడు.

"కూమా, ఆ ముఖం సంగతి..." అన్నాడు.

"నాదేముంది. ఈ పిల్లలు చెయ్యి బాగా వేశారు, తాడు పట్టు సరిగ్గా ఉంది. ఊళ్ళో ఆ పట్టు తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఉంచాలని నాకే ఆశగా ఉంది" అన్నాడు త్రాయ్కో. "కానీ నా తర్వాత ఆ పేరు మోసేది నా కూతురు. దాన్నడుగు."

"అమ్మా రుజిత్సా, ఆ ముఖం ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

"తీసెయ్యండి" అంది.

అక్కడి నుంచే తియానాకి ఫోన్ చేశాడు. ఆ పిల్ల అరుపు గదిలోకి వినిపించింది. అందరూ గీసేశారు, ఆ ముఖం లేకపోతే ఉరిదొరే లేడు, నేను వాళ్ళకేమని చెప్పను తాతా అని.

"నన్నడగమను. ఒక్కొక్కణ్ణీ పంపు, చెప్తాను" అన్నాడు. "ఇవాళ చెప్పడం అలవాటైంది."

చాలామంది మళ్ళీ గీశారు. ఒకడు ఒప్పుకోలేదు, అతని కథ లేకుండానే పుస్తకం వచ్చింది. అట్ట మా ఆయన వెయ్యలేదు. కొత్త ఉరిదొర ముఖం ఒక్కో కథలో ఒక్కో రకంగా ఉంది, చూసినవాళ్ళు పాతదే బాగుందన్నారు.

ఆ పండుగనాడు ఇంటికొస్తూ అడిగాను, "తేలికైందా?"

"లేదు. ఆ పిల్ల బళ్ళో ఎలా ఉండేదో ఒక్కసారీ అనుకోలేదు జివ్‌కా. ఒక్కసారీ."

మర్నాడు పొద్దున, వీధంతా లేచాక, మా ఆయన వెళ్ళి త్రాయ్కో గేటు ముందు నిలబడ్డాడు. త్రాయ్కో రొట్టె కోసం బయటికొచ్చి ఇతన్ని చూశాడు. సంచి ఇతని చేతికిచ్చి ముందుకి నడిచాడు. మా ఆయన సంచి పట్టుకుని, పక్కన కాదు, ఒక అడుగు వెనకగా నడిచాడు. రొట్టెల కొట్టు ముందు వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"వీడు నా కూమ్" అన్నాడు త్రాయ్కో వాళ్ళతో. "నిన్న వచ్చాడు."

త్రాయ్కో క్షమించాడా అని మా ఆయన ఇప్పటికీ నన్నడుగుతాడు. నాకేం తెలుసు? అడగాల్సింది నన్ను కాదని చెప్పి పొయ్యిలో కట్టె తోస్తాను.