పొదిగే కోడి, పదిహేను అంగుళాల స్పీకరు

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. గోడ అవతల కోడి గుడ్లు పొదుగుతోందని తెలిసి కూడా నా బేస్ గిటారు స్పీకరు పెట్టెను ఆ గోడకే ఆనించి ఉంచాను. అది చాలదన్నట్టు, ఇందులోంచి పెద్దగా శబ్దం రాదని ఆ గుడ్లు పొదగేసిన పెద్దామెతో అబద్ధం చెప్పాను.

ముప్పాళ్ళ దాటాక ఒక పల్లెలో ఓణీల ఫంక్షన్ అది. నరసరావుపేటలో నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తుంటాను. ఫంక్షన్లున్న రోజుల్లో మా చిన్న ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను. ఇన్నేళ్ళలో బాగా వాయించావన్న వాళ్ళు తక్కువ, మిగతా రెండు తీగలు ఏమైనాయని అడిగినవాళ్ళు ఎక్కువ. బేస్‌కు ఉండేవే నాలుగు తీగలని, అవి తెగిపోగా మిగిలినవి కావని పల్నాడులో సగం మందికి నేనే స్వయంగా చెప్పాను. ఒకసారి వినుకొండ దగ్గర నా యాంప్లిఫయర్ ఫ్యూజు పోయి మూడు పాటలకు ఉత్తుత్తిగా వేళ్ళు కదిపాను. ఆ రోజే ఒకాయన స్టేజీ ఎక్కి చెయ్యి కలిపి చాలా బాగా వాయించావన్నాడు.

ఇలాంటివి లోపల పేరుకుంటాయి. వాటికి నేను ఇంకొకరి కోడిని బలిపెట్టకుండా ఉండాల్సింది.

నా పెట్టెలో పదిహేను అంగుళాల స్పీకరు ఉంది. గుంటూరులో ఒక చర్చి వాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది వదిలించుకుంటుంటే తెచ్చుకున్నాను. దాన్ని ఇద్దరు మోయాలి, ఆ ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ నేనే. బేస్ వాయించేవాడికి వేళ్ళెంత ముఖ్యమో ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలో తెలియడం అంత ముఖ్యం. కింద బోలుగా ఉండే చెక్క స్టేజీ మీద నేరుగా పెడితే స్టేజీ మొత్తం డప్పులా మోగుతుంది, స్వరం మాత్రం తెలియదు. అందుకే ఎక్కడికి వెళ్ళినా ముందు నాలుగు ఇటుకలు అడుగుతాను. గోడ దగ్గరకు జరిపితే గుమ్ము పెరుగుతుంది, మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది. కానీ ఆ గుమ్ము వాయించేవాడి మోకాళ్ళకు తెలుస్తుంది తప్ప వినేవాళ్ళ చెవికి పాటగా చేరదు. చెవికి చేరాలంటే యాంప్లిఫయర్‌లో బేస్ అని రాసున్న బటన్ని వదిలేసి మిడ్ అని రాసున్నదాన్ని కాస్త పెంచాలి. పెట్టెను వెనక్కి వాల్చి మన చెవి వైపు తిప్పుకోవాలి. ఇవన్నీ నాకు తెలుసు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చెబుతుంటాను కూడా.

మా మైక్ సెట్ భాయ్‌ది కూడా నరసరావుపేటే. ఆ ఉదయం వైర్లు లాగుతూ ఆయన నాకు అలాంటిదే చెప్పాడు.

“అన్నా, నీ లైను నాకిచ్చెయ్. నా పెద్ద బాక్సుల్లో కలుపుతా. నీ డబ్బా నీకు వినపడేంత పెట్టుకో, చాలు.”

“నీకిస్తే నువ్వు తగ్గిస్తావు భాయ్.”

“తగ్గించాల్సి వత్తే తగ్గిస్తా. అందుకేగా నేనుండేది.”

నా గిటారు లైను ఆయన మిక్సర్‌కు ఇవ్వలేదు. నా శబ్దం నా చేతిలోనే ఉండాలన్నాను. స్టేజీ పక్కన ఒక ఇంటి గోడ ఉంది, నీడ ఉంది, కరెంటు బోర్డు దగ్గర ఉంది. పెట్టెను అక్కడే దించాం. మిగతావాళ్ళు టిఫిన్లకు వెళ్ళాక ఆ ఇంట్లోంచి ఒక పెద్దామె బయటికొచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“అబ్బాయా, ఈ బీరువా ఏంది?”

“స్పీకరు పెద్దమ్మా.”

“ఈ గోడ అవతల కోడిని పొదగేశా. పదకొండో రోజు. కాస్త అవతలికి నెట్టుకో నాయనా.”

“దీంట్లో పెద్దగా శబ్దం రాదు పెద్దమ్మా. ఇది బేసు. మనుషులకే వినపడదు.”

“వినపడందాన్ని ఎందుకు మోసుకొచ్చావు మరి?”

జరుపుతాలే అన్నాను. ఆమె వెంటనే వెళ్ళలేదు, అరుగు మీద కూర్చుని ఆ కోడి సంగతంతా చెప్పింది. గుడ్లు ఆమెవి, పదమూడు. పొదగడానికి బేసి లెక్కే పెడతారు. కోడి మాత్రం వెనక బజారులో ఉన్న తోడికోడలిది. గుడ్లలోంచి పిల్లలు లేచాక చెరిసగం. మురుగు కాలవ ఎటు పోవాలన్న దాని మీద ఇద్దరికీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. ఈ ఏడు పాలు పోసే ఆమె మధ్యలో తిరిగి ఈ కోడి పొత్తు కుదిర్చింది. కోడి వచ్చింది కానీ తోడికోడళ్ళు ఒకరింటికి ఒకరు ఇంకా రాలేదు.

“ఇయ్యి లేత్తే మాటలు కూడా లేత్తాయేమోలే” అని ఆమె లోపలికి వెళ్ళింది.

ఇదంతా విన్నాను. విని కూడా పెట్టె జరపలేదు. మోయడానికి రెండో మనిషి లేడన్నది సాకు మాత్రమే. అక్కడ గుమ్ము బాగుంటుందన్నది నిజం.

పదకొండు గంటలకు పాటలు మొదలయ్యాయి. మొదట బుద్ధిగానే వాయించాను. మూడో పాట మధ్యలో ఓణీలు వేసుకుంటున్న అమ్మాయి మేనమామ, ఊరికి మాజీ సర్పంచ్, ముందు వరసలోంచి లేచి మా కీబోర్డు ఆయన దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాల్సిన అవసరం ఎప్పుడూ పడని మనిషి.

“ఒరేయ్, ఆ చివరాయన వాయిత్తన్నాడా, గోక్కుంటన్నాడా?”

ముందు వరసంతా నవ్వింది. మా గాయని పాడుతూనే నవ్వింది. నేను వెనక్కి తిరిగాను. ఇరవై ఏళ్ళుగా నలుగురికీ చెబుతున్న మిడ్ బటన్ని ముట్టుకోలేదు. బేస్ బటన్ని చివరిదాకా తిప్పాను, వాల్యూమ్‌ను కూడా తిప్పాను, పెట్టెను మోకాలితో గోడకు ఇంకాస్త నొక్కాను. తర్వాత అన్నిటికన్నా లావు తీగను మీటాను.

భోజనాల బల్ల మీద స్టీలు గ్లాసులు ఒకదాని వెనక ఒకటి నడవడం మొదలుపెట్టాయి. గోడ మీద సున్నం రాలింది. ప్లాస్టిక్ కుర్చీలో నిద్రపోతున్న ఒక తాతయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. మాజీ సర్పంచ్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, “ఇదిగో, ఇదీ. లోపల గుండెకాయ కదుల్తంది” అన్నాడు. నా జీవితంలో ఒక శ్రోత నా వాయిద్యం గురించి అంత వివరంగా మాట్లాడడం అదే మొదటిసారి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు గోడ పైన గాలి కోసం వదిలిన కన్నంలోంచి కోడి బయటికొచ్చింది.

అది పందెం జాతి కోడిపెట్ట. ఎగిరి షామియానా మీద పడింది. కింద ఉన్న మాకు కోడి కనిపించడం లేదు, గుడ్డ మీద రెండు కాళ్ళ గుంటలు మాత్రం నడుస్తూ కనిపిస్తున్నాయి. ఆ గుంటలు భోజనాల మీదుగా, ముత్తయిదువుల మీదుగా నడిచి, సరిగ్గా కుర్చీలో కూర్చున్న అమ్మాయి తల మీదికి వచ్చి ఆగాయి. అక్షింతలు చేతిలో పట్టుకున్నవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ తలలు పైకెత్తి నిలబడ్డారు. పాట ఆగలేదు. ఎవరూ ఆపమనలేదు కాబట్టి నేనూ ఆపలేదు.

వీడియోలు తీసే ఆయన దాన్ని తోలడానికి డ్రోను లేపాడు. ఆ పెట్ట వంశంలో ఎన్ని పుంజులు బరుల్లో దిగాయో ఆయనకు తెలియదు. అది ఒకసారి ఎగిరి రెండు కాళ్ళతో తన్నింది, అంతే. డ్రోను పోయి మజ్జిగ గంగాళంలో పడింది. తుడిచి లేపితే లేచింది కానీ, ఆ రోజంతా అతిథుల మీద మజ్జిగ చుక్కలు రాలుస్తూ తిరిగింది. కోడి ఇక దాన్ని పట్టించుకోకుండా వెనక బజారు వైపు, తన సొంత ఇంటికి ఎగిరిపోయింది.

పెద్దమ్మ గుడ్ల గంపను పైట కింద పెట్టుకుని వీధిలోకి వచ్చింది. గంపలో గుడ్ల మధ్య విరిగిన కొడవలి ముక్క ఒకటి ఉంది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఇనుము వేయడం ఇక్కడ ఆనవాయితీ. అంతలో సందు చివర తోడికోడలు కోడిని చంకలో పెట్టుకుని కనిపించింది.

“నా కోడిని తరిమేసిందే. కాళ్ళు ఎట్టా వణుకుతన్నాయో చూడండి.”

“బెదురు కోడిని అంటగట్టింది. గుడ్లు మురగాలనే ఇచ్చింది.”

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడడం లేదు. ఇద్దరూ వీధితో మాట్లాడుతున్నారు. కోడి నుంచి కాలవకు, కాలవ నుంచి అత్తగారి కాలానికి వెళ్ళిపోయారు. నేను స్టేజీ వెనక నిలబడి వైరు చుడుతున్నాను. పాట ఆగి చాలాసేపయింది. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాను. స్పీకరును గోడకు పెట్టడం కన్నా ఈ వైరు చుట్టడమే పెద్ద తప్పని ఇప్పుడనుకుంటాను. ఆ ఇద్దరి మధ్యన ఎనిమిదేళ్ళకు మొలిచిన ఒక్క మొలక నా కళ్ళ ముందే చచ్చిపోతోంది. అదంతా నేను కావాలనే చేశానని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

భాయ్ నా పక్కకు వచ్చాడు. “అన్నా, ఆ వైరు ఇంకెంతసేపు చుడతావు?”

వైరు కింద పడేసి వెళ్ళి ఇద్దరి మధ్యలో నిలబడ్డాను. తప్పు కోడిది కాదు, మీ ఇద్దరిదీ కాదు, నాది అన్నాను. పెద్దమ్మ జరపమంటే జరపలేదని, శబ్దం రాదని అబద్ధం చెప్పానని, పైగా కావాలనే పెంచానని అందరి ముందూ చెప్పాను.

“ఉరుముకి ఇనప ముక్క ఏశా. నీ డబ్బాకి ఏం ఎయ్యమంటావు?” అంది పెద్దమ్మ.

గుడ్లు చల్లారిపోతున్నాయి. కోడి ఇక ఈ గదిలో కూర్చోదని అక్కడున్న ఆడవాళ్ళంతా ఒక్క మాట మీద తేల్చారు. కూర్చుంటే దాని ఇంట్లోనే కూర్చోవాలి. పెద్దమ్మ ఆ గడప తొక్కనంది. గంప నేను పట్టుకెళతానన్నాను.

“పట్టుకుపోతావు సరే. నా గుడ్లు దాని ఇంట్లో ఉంటే లెక్కెవరు చూత్తారు?”

“నేను చూస్తాను పెద్దమ్మా. లేచేదాకా వచ్చి చూస్తాను.”

తోడికోడలి వంటింటి మూలన గంప పెట్టాం. కోడి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నన్ను ఒకసారి పొడిచి, గుడ్ల మీద కూర్చుంది.

ఆ తర్వాత పది రోజుల్లో అయిదుసార్లు నరసరావుపేట నుంచి బండి మీద వెళ్ళొచ్చాను. కాలిపోయిన మోటారు ముందేసుకుని కూర్చున్న రైతులు, మిరపకు తడి పెట్టాలి ఎక్కడికి పోతావంటే, గుడ్లు చూసొస్తానని చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు నన్ను చూసే తీరు మారింది, నాకది తగినదే. వెళ్ళినప్పుడల్లా కోడిని కాస్త ఎత్తి పదమూడు లెక్కపెట్టేవాణ్ణి, అది చెయ్యి పొడిచేది. తర్వాత బయటికొచ్చి పెద్దమ్మకు చెప్పేవాణ్ణి. మొదటి రెండుసార్లు ఆమె తన అరుగు మీదే విన్నది. మూడోసారి తోడికోడలి గేటు దాకా వచ్చి బయటే నిలబడింది.

“నూకలు పెడతందా, అడుగు.”

“పెడతన్నానని చెప్పు.”

“నీళ్ళు దగ్గర పెట్టమను.”

“నీళ్ళు తాగకుండా ఏ కోడి బతుకుద్దో ఆమెనే అడుగు.”

ముగ్గురి మధ్యా అయిదు గజాల దూరం లేదు. అయినా ప్రతి మాటనూ అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, పెంచలేదు.

పొదగేసిన ఇరవయ్యో రోజు ఉదయమే వెళ్ళాను. లేవబోయే పిల్ల గుడ్డులోంచే పలుకుతుందని, చెవి దగ్గర పెట్టుకుంటే తెలుస్తుందని తోడికోడలు చెప్పింది. పెద్దమ్మ గేటు బయట ఉంది. తను కూడా వినాలంది. లోపలికి మాత్రం రానంది. కోడి కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీశాను. చెవికి ఆనిస్తే లోపల గోరుతో గీకినట్టు చిన్న చప్పుడు, ఆ వెంటనే సన్నగా కీచుమని ఒక పిలుపు. అరచేతుల్లో మూసి గేటు దాకా పట్టుకెళ్ళి పెద్దమ్మ చెవి దగ్గర పెట్టాను. ఆమె తల ఊపింది. తిరిగి తెచ్చి కోడి కింద పెట్టి రెండోది తీశాను. అలా నాలుగు పలికాయి.

అయిదోది పలకలేదు. ఊపిరి బిగబట్టి విన్నాను, ఇంకో చెవికి మార్చి విన్నాను. ఏమీ లేదు. పలికిన గుడ్డునే ఇంకోసారి పట్టుకెళితే ఆమెకు తెలియదు. గుడ్లన్నీ ఒకటే రంగు. ఆ ఆలోచన నాకు తట్టిందని ఒప్పుకోవాలి. అయినా పలకని ఆ గుడ్డునే తీసుకెళ్ళాను.

“దీంట్లో ఏం లేదు పెద్దమ్మా. ఆ రోజు నేను పెట్టె జరిపుంటే ఉండేదేమో.”

ఆమె గుడ్డును తన చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది.

వంటింట్లోంచి తోడికోడలు అడిగింది. “ఏందక్కా, వినపడలా?”

“లేదే” అంది పెద్దమ్మ, నా వైపు చూడకుండా. గుడ్డు నా చేతిలో పెట్టి, “తర్వాతది పట్రా అబ్బాయా” అంది.

దాన్ని విడిగా పక్కన పెట్టి, కోడి కింద చెయ్యి పెట్టాను. పొడిచింది. ఆరో గుడ్డు తీసుకుని గేటు వైపు నడిచాను.