గోల్ఫ్ ఆడేంత ఎత్తున్న కప్పు కోసం ఉప్పల్ నుంచి నాచారం దాకా

మా ఆయన అక్కగారు కామేశ్వరి వదిన ఒక ప్రభుత్వ సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ మూడో నెలలోనే ఉప్పల్ వైపు గదిలో ఆడే గోల్ఫ్ సెంటర్ పెడతానని చెప్పారు. బెంగళూరులో పనిచేసినప్పుడు ఆఫీసు క్లబ్బులో ఆ ఆట నేర్చుకుని ఇక వదల్లేకపోయారు. ఈ సెంటర్లలో గోడకు పెద్ద తెర కట్టి, దాని మీద పచ్చిక మైదానం బొమ్మ వేస్తారు. బంతిని తెరకేసి కొడితే అది నిజం మైదానంలో ఎంత దూరం పోయేదో సిమ్యులేటర్ అనే యంత్రం లెక్కగట్టి చూపిస్తుంది. ఆ యంత్రానికి బెంగళూరు డీలరు చెప్పిన ధర పద్దెనిమిది లక్షలు. వదిన చేతికొచ్చిన మొత్తం ఇరవై ఆరు లక్షలు. "నువ్వూ తోడు వెళ్ళు సుధా, ఎలాగోలా మాన్పించి తీసుకురా" అని మా ఆయన నాకు పని అప్పజెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

రామంతాపూర్‌లో షేర్ ఆటో ఎక్కితే ఉప్పల్ రింగురోడ్డుకు మనిషికి పది రూపాయలు. వదిన గోల్ఫ్ కర్రను ఒళ్ళో నిలబెట్టి పట్టుకున్నారు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చాలాసేపు దాన్నే చూసి, "ఏందమ్మా అది, బోరింగ్ రాడా?" అని అడిగాడు. రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలకు గుంతలు తవ్వుతున్నారు. ఆ దుమ్ములో దిగి, మధ్యాహ్నం దాకా తిప్పడానికి నర్సింగ్ అనే అతని ఆటోను నాలుగు వందలకు మాట్లాడుకున్నాం.

మొదట చూసింది ఒక మిఠాయి కొట్టు పైన రెండో అంతస్తు. అద్దె ఇరవై రెండు వేలు, ఆరు నెలల అడ్వాన్సు. కప్పు తొమ్మిదిన్నర అడుగులని టేపు చెప్పింది. పది ఉండాలి కానీ ఒంగి కొడితే సరిపోవచ్చేమోనని వదిన కర్ర ఎత్తి ఊపారు. ఫ్యాను రెక్క వంగి వేలాడింది. యజమాని రెక్కకు మూడు వందల యాభై తీసుకున్నాడు. సెంటర్ ప్రారంభ ఖర్చుల్లో మేం నిజంగా కట్టిన మొదటిది అదే.

అక్కణ్ణుంచి హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడకు వెళ్ళాం. అక్కడొక ఖాళీ రేకుల షెడ్డు, ఎత్తు పద్దెనిమిది అడుగులు, అద్దె ముప్పై ఐదు వేలు. వదిన ముఖం వెలిగిపోయింది. కర్ర ఎత్తారు, తుమ్మారు. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ తుమ్మారు. నేనూ తుమ్మాను, గుమ్మంలో నర్సింగూ తుమ్మాడు. పక్కన కారం పట్టే మిల్లు. "నాలుగు రోజులైతే అలవాటైతది మేడం" అన్నాడు కాపలావాడు, ముక్కుకు తువ్వాలు కట్టుకునే.

ఆ రేకుల వేడికి పెద్ద ఏసీలు కావాలి. వాటికి త్రీఫేజ్ కనెక్షన్, కరెంటు కోతలకు జనరేటరు. తెర, ప్రొజెక్టరు, మ్యాట్లు వేరే. నేను ఉత్సాహంగా కూడుతూ పోయాను. అడ్వాన్సుతో కలిపి మొత్తం ముప్పై లక్షలు దాటింది. నేను వచ్చిన పని అయిపోయినట్టే. కానీ వదిన తుమ్మడం కూడా మానేసి, ఆటోలో వెనక్కి వాలి కూర్చున్నారు.

"ఉద్యోగమంతా ఇంకొకళ్ళ ఎస్టిమేట్లు పాస్ చేశాను సుధా," అన్నారు నెమ్మదిగా. "నాదొక్కటి పాస్ కాదా?"

నేను లెక్క రాసిన కాగితం మడిచేశాను. నర్సింగే వెనక్కి తిరిగి, "మా మేనమామకు ఈడనే ఫంక్షన్ హాలున్నది. భోజనాల హాలు మస్తు ఎత్తుంటది. జర సూసి పోదాం" అన్నాడు.

హాల్లో పెళ్ళి జరుగుతోంది. యజమాని జంగయ్యగారు మమ్మల్ని నేరుగా భోజనాల బంతిలో కూర్చోబెట్టబోయారు.

"మమ్మల్ని ఎవరూ పిలవలేదండీ" అన్నాను.

"హాలు నాది, నేను పిలుస్తున్న. కూసోండ్రి."

బగారా అన్నం, గుత్తివంకాయ తిన్నాక ఎత్తు కొలిచాం. పద్నాలుగు అడుగులు. అద్దె ఇరవై వేలు, ఒకటే షరతు. "ముహూర్తాలున్ననాడు మీ మిషిన్ జర పక్కకు జరపాలె." పద్దెనిమిది లక్షల యంత్రాన్ని గంగాళాల పక్కకు జరపడం తలుచుకుని వదిన నీరసంగా నవ్వారు. వచ్చినందుకు ఒక్క దెబ్బ కొట్టి పోదామని, విడిది పరుపులు గోడకు ఆనించి ఉన్నచోట సంచిలోంచి బంతి తీసి పెట్టి కొట్టారు. ధబ్బుమని మోగింది.

పెళ్ళికూతురి పెదనాన్న వక్క నములుతూ వచ్చాడు. "నేనొకటి కొట్టి సూస్తనమ్మా." మూడుసార్లు గాలినే కొట్టి, నాలుగోసారి బంతిని పరుపులో దిగేశాడు. ఆయన వెనక తమ్ముడు, ఆ వెనక మగపెళ్ళివారు చేరారు. ఒక దెబ్బకు ఎంతని ఎవరో అడిగితే, వదిన ఆలోచించకుండా ఐదు రూపాయలన్నారు. వాళ్ళు తీసి ఇచ్చేశారు కూడా. "అప్పగింతలకు రమ్మంటున్నరు పెదనాయినా" అని లోపల్నుంచి కబురొస్తే, పెదనాన్న కర్ర వదలకుండానే, "వస్తున్నమని చెప్పు. ఇంకొక్కటి కొట్టి వస్త" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో వదిన ఆ ఐదు రూపాయలన్నీ ఒళ్ళో పోసి లెక్కపెట్టారు. చివరికి, "బంతి ఎంత దూరం పోయిందని ఒక్కరూ అడగలేదు, గమనించావా?" అన్నారు. ఆటో హబ్సిగూడ దాటేలోపు ఎస్టిమేటు మారిపోయింది. తెర బదులు బంతిని ఆపే రెండు వలలు, మ్యాట్లు, పాత కర్రలు, అడ్వాన్సు అన్నీ కలిపి రెండు లక్షల లోపు. వలలు ముహూర్తాల రోజు చుట్టేయొచ్చు. రాత్రి మా ఆయన, "మాన్పించావా?" అని అడిగితే, "యంత్రం మాన్పించాను" అన్నాను. మిగతాది ఆయన భోజనం అయ్యాక చెప్పాను.

ఇది రాసేనాటికి జంగయ్యగారి హాల్లో కట్టిన వలలు హాలు అద్దె మాత్రం సంపాదించుకుంటున్నాయి, లాభం ఇంకా మొహం చూపించలేదు. వదిన మాత్రం రోజూ పొద్దున్నే నాచారం బస్సు ఎక్కుతున్నారు. ఆవిడ వెంట నేను వెళ్ళింది కాదనడానికి. కాదనడానికి కావలసిన అంకెలన్నీ దొరికాయి కూడా. అప్పగింతలు ఆపి మరీ బంతి కొట్టే మనుషులు ఉంటారని మాత్రం ఏ అంకెలోనూ లేదు, వెళ్ళి నిలబడితే గానీ తెలియలేదు. అందుకే నా సలహా ఒక్కటే. యంత్రానికి అడ్వాన్సు కట్టేముందు నాలుగు పరుపులు ఆనించి, తెలియనివాళ్ళ చేత ఒక పూట బంతి కొట్టించి చూడండి. పెళ్ళి ఉన్న హాలైతే ఆ పూట భోజనం ఖర్చు కూడా కలిసొస్తుంది.